శ్రద్ధగా వినే గది

ఇంట్లో కూర్చుని సంగీతాన్ని శ్రద్ధగా వినేవాళ్ళందరూ అనుమతి తీసుకోవాలని చట్టం వచ్చిన ఏడాదే ఇవటూరి వాచస్పతిగారి చెవులు మొరాయించడం మొదలుపెట్టాయి. ఈ రెండింటికీ సంబంధం లేదు. చట్టం రాజధానిలో పుట్టింది. చెవుడు వాళ్ళ నాన్నగారి వైపునుంచి వచ్చింది.

చట్టం ఎలా పుట్టిందంటే, పై స్థాయిలో ఉన్న ఒక పెద్దమనిషి పరాయి దేశం వెళ్ళి, అక్కడొక కోటీశ్వరుడు పాటలు వినడానికే ప్రత్యేకంగా కట్టించుకున్న గదిలో కాసేపు కూర్చుని వచ్చారు. ఆ గది గోడలకీ మెత్తలే, కప్పుకీ మెత్తలే. లోపలికి అడుగుపెడితే ఎవరి గుండె చప్పుడు వాళ్ళకి వినిపిస్తుందట. తనకి గుండె ఉన్న సంగతి ఆయనకి అలా తెలియడం మొదటిసారి కాబట్టి చలించిపోయారు. విమానం దిగుతూనే, "మన ప్రజలు వింటున్నారు గాని, వినవలసిన విధంగా వినడం లేదు" అని ప్రకటించారు. ఆ మాట పేపర్లో పడింది. పేపర్లో పడిన మాటకి ఒక శాఖ కావాలి కదా. అలా గృహ శ్రవణ ప్రమాణాల మండలి వెలిసింది. మిగతా శాఖల్లో పని లేక గోళ్ళు గిల్లుకుంటున్న వాళ్ళందరినీ తెచ్చి అందులో కూర్చోబెట్టారు. సంగీతం తెలిసినవాళ్ళని తీసుకుంటే పక్షపాతం వస్తుందని తీసుకోలేదు.

మండలివారు చాలా మథనపడి శ్రవణాన్ని రెండుగా విడదీశారు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, కబుర్లు చెప్పుకుంటూ, కునుకు తీస్తూ వినేది అలక్ష్య శ్రవణం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎంత గట్టిగానైనా పెట్టుకోవచ్చు. ఏ పనీ చేయకుండా కుర్చీలో కూర్చుని మనసు పెట్టి వినేది ఏకాగ్ర శ్రవణం. దీనికి మాత్రం గదికి ధ్వని సంస్కారం జరగాలి, ఆపైన పరిశీలన జరగాలి, పత్రం చేతికి రావాలి. ధ్వని సంస్కారం అన్నది మండలివారి మాట. ఊళ్ళో జనం అకౌస్టిక్ ట్రీట్‌మెంటు అనేవారు, గదికి ఏదో జబ్బు చేసినట్టు. పత్రం లేకుండా శ్రద్ధగా వింటే జరిమానా.

కాకినాడ జనం తెలివైనవాళ్ళు. చట్టం వచ్చిన మర్నాటినుంచే ఊళ్ళో శ్రద్ధగా వినేవాడు ఒక్కడూ లేకుండా పోయాడు. వాచస్పతిగారి పక్కింటి వీర్రాజు మేడమీద మనిషంతేసి సౌండు బాక్సులు పెట్టి పొద్దస్తమానం వీధిని అదరగొట్టేవాడు. మండలివాళ్ళు వచ్చి అడిగితే, "ఆయ్, మేవెవరం వినట్లేదండి. ఊరికే పెట్టామండి. అదలా మోగుతుంటదండి" అన్నాడు. వాళ్ళు సంతోషించి, అతని గుమ్మానికి మినహాయింపు బిళ్ళ అంటించి, మజ్జిగ తాగి వెళ్ళారు.

చిక్కిందల్లా వాచస్పతిగారే. ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు కూడా. తనంతట తానే వెళ్ళి దరఖాస్తు పెట్టుకున్నారు.

ఆయన పట్టణ ప్రణాళిక విభాగంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఇల్లు పూర్తయినట్టు పత్రం రానిదే ఎవర్నీ గృహప్రవేశం చేసుకోనిచ్చేవారు కాదు. ముహూర్తం దాటిపోతోందని ఇంటాయన కాళ్ళావేళ్ళా పడితే, "ముహూర్తం మళ్ళీ పెట్టించుకోవచ్చు. నిబంధన మళ్ళీ పెట్టించుకోలేం" అనేవారు. లంచం ముట్టేవారు కాదు కనుక ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అలాంటి మనిషి ఒక చట్టాన్ని చూసి పక్కకి తప్పుకుని వెళ్తారని ఎలా అనుకుంటాం.

ఇంతకీ ఆయన వినాలనుకున్నది ఒకే ఒక్క పాట. అది ఆయన భార్య సువర్చలమ్మ పాడినది. పెళ్ళయిన కొత్తలో ఆమెకి రేడియోలో లలిత సంగీతం పాడమని పిలుపొచ్చింది. సాయంత్రం ప్రసారం. ఆ రోజు ఆఫీసులో ఆడిటు. వాచస్పతిగారు ఫైళ్ళమధ్యే ఉండిపోయారు. ఇంటికొచ్చి "ఎలా పాడావు?" అని అడిగితే, "ఏదో పాడాన్లెండి" అందామె. రెండోసారి పిలుపు రాలేదు. పాట వంటింట్లోకి మారింది, కాపరం గొడవల్లో పడి కొన్నాళ్ళకి అక్కడా ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఆయన అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత, రేడియోలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంట్లో పాత టేపులు సర్దుతుంటే ఆ పాట బయటపడి, పెన్‌డ్రైవులోకి ఎక్కి ఇల్లు చేరింది.

ఆ వారమే చెవి డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి, "ఎడమ చెవి దాదాపు అయిపోయిందండి. కుడిది కూడా ఎన్నాళ్ళో ఉండదు. ఇప్పుడే మిషన్ పెట్టించుకుంటే కొంతకాలం లాక్కురావచ్చు. ముఖ్యంగా వినాలనుకున్నవేవైనా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

ఇంటికి రాగానే సువర్చలమ్మ పెన్‌డ్రైవు తీసింది. "టీవీకి తగిలించి పెడతాను, రండి. వినేద్దురుగాని."

"అనుమతి రానీ."

"పాడింది నేను. వినేది మీరు. మధ్యలో ఆ మండలి ఎవరండీ?"

"మనసు పెట్టి వినాలంటే పత్రం ఉండాలి."

"అయితే ఉల్లిపాయలు తరుగుతూ వినండి. దానికి అక్కర్లేదటగా."

వాచస్పతిగారికి కోపం వచ్చింది. "నీ పాట నేను ఉల్లిపాయలు తరుగుతూ వింటానా? ఫైళ్ళు చూసుకుంటూ ఒకసారి పోగొట్టుకున్నది చాలదూ?"

సువర్చలమ్మ పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన నోట అలాంటి మాట రావడం ఆమె ఎరగదు. లోపల ఎంతో సంతోషం వేసింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

దరఖాస్తు అందుకుని శ్రవణ పరిశీలకుడు చోడవరపు పాండురంగం వచ్చాడు. అంతకుముందు అతను పశువుల ఆసుపత్రుల లెక్కలు చూసేవాడు. మనిషి మంచివాడే. ముందుగదిలో నాలుగు గోడలూ అరచేత్తో తట్టి, నిమిరి, చెవి ఆనించి చూశాడు, చూలు ఆవుని చూసినట్టు.

"ఏం వినబోతున్నారండి పంతులుగారూ?"

"మా ఆవిడ పాట."

"అమ్మగారు ఉన్నారా?"

"వంటింట్లో ఉంది."

"అబ్బే, సజీవ గాత్రం వేరే పద్దండి. దానికి ఇంకా విధివిధానాలు రాలేదు. రికార్డయిందే అని రాసుకుంటాను." అని గది మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తి ఠప్పున చప్పట్లు కొట్టాడు. "విన్నారా?"

"చప్పట్లు విన్నాను."

"ప్రతిధ్వని?"

"లేదండీ."

పాండురంగం జాలిగా చూశాడు. "అదేనండి ప్రమాదం. వినిపించనంతగా దానికి అలవాటు పడిపోయారు."

గోడలకీ కప్పుకీ మూలలకీ మెత్తలు వేయించాలని తేల్చాడు. మండలివారు నమోదు చేసిన గుత్తేదారు చేతే వేయించాలి. సువర్చలమ్మ వంటింట్లోంచి వచ్చి, "అటకమీద మా అమ్మ కుట్టిన బొంతలు బోలెడున్నాయండీ. మేకులు కొట్టి వేలాడదీస్తే సరిపోదూ?" అంది.

"బొంత శయన సామగ్రి కిందికి వస్తుందండమ్మా. ధ్వని సంస్కార సామగ్రి కిందికి రాదు."

"తేడా ఏవిటండీ? ఇందులోనూ దూదే, అందులోనూ దూదే."

"ధరలో తెలుస్తుందండమ్మా" అన్నాడు పాండురంగం, ఎంతో మర్యాదగా.

నిజంగానే తెలిసింది. గుత్తేదారు ఇచ్చిన అంచనా చూస్తే, వాచస్పతిగారు ఆ ఇల్లు కట్టుకున్నప్పుడు సిమెంటుకీ ఇనుముకీ పెట్టింది ఒక మూలకి కూడా రాదు. మూలలకి వేసే మెత్తలకి 'మంద్రస్థాయి బంధకాలు' అని పేరు పెట్టి, ఒక్కోదానికీ ఒక ఆవు ఖరీదు వేశాడు. ఆ మాట పాండురంగమే అన్నాడు, పాత లెక్కల అలవాటుకొద్దీ. బాంకులో ఉన్నది చాల్లేదు. చెవి మిషన్ కోసమని విడిగా పక్కన పెట్టిన డబ్బు ఉంది. వాచస్పతిగారు అది కూడా తీశారు.

"ఇదేం పనండీ! చెవులు లేకపోయాక గది ఎందుకూ?" అంది సువర్చలమ్మ.

"గది లేకుండా చెవులుండి ఏం లాభం? ముందు అనుమతి రానీ. పాట వినేశాక మిషన్ సంగతి నింపాదిగా చూద్దాం" అన్నారాయన. ఆ గొంతులో ఎంత నమ్మకం ఉందంటే, ఆమెకి నిజమే కాబోలనిపించింది.

మెత్తలు వచ్చాయి. గది బూడిదరంగుకి తిరిగింది. పెళ్ళినాటి ఫోటో, దేవుడి కాలెండరు, గోడగడియారం వరండాలోకి వెళ్ళాయి. గడియారం ఎలాగూ టిక్కుటిక్కుమంటుంది కనుక దాన్ని లోపల ఉంచడానికి వీల్లేదు. గుత్తేదారు డబ్బు లెక్కపెట్టుకుని, గదిని మెచ్చుకుని వెళ్ళాడు. పాండురంగం రెండో పరిశీలనకి వచ్చి టేపు పెట్టి కొలిచి నాలిక కరుచుకున్నాడు.

"మెత్తలు వేశాక గది చిన్నదైపోయిందండి. ఏకాగ్ర శ్రవణానికి ఉండాల్సిన కనీస వైశాల్యం లేదు."

"మెత్తలు వెయ్యమన్నది మీరేగా?"

"వెయ్యమన్నది మెత్తల విభాగమండి. వైశాల్యం వేరే విభాగం. వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు."

పరిష్కారం కూడా అతనే చెప్పాడు. ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే సరి. వాచస్పతిగారు ఒక్క క్షణం తటపటాయించారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని గోడలు కూలగొట్టించారో ఆయనకి గుర్తు లేదు గాని, తన గోడ ఇదే మొదటిది. సుత్తిదెబ్బలు పడుతుంటే సువర్చలమ్మ గిన్నెలన్నీ ఏరుకుని పెరట్లో రేకుల పందిరి కిందికి చేరవేసుకుంది. మసిపట్టిన గోడమీద కొత్త మెత్తలు వచ్చాయి. వాటికి మళ్ళీ డబ్బు కావాల్సి వచ్చింది. ఆమె గొలుసు తీసి ఇస్తే ఆయన మొహం చూడకుండా అందుకున్నారు.

పెరట్లో కుక్కరు పెట్టింది. మూడో పరిశీలనలో ఆ కుక్కరు కూత గదిలోకి వస్తోందని తేలింది. పాండురంగం దాన్ని 'నైమిత్తిక శబ్దం' అని రాసుకున్నాడు. ఆనాటినుంచీ కుక్కరు మూలపడింది, కంది పప్పు ఉడకడానికి మధ్యాహ్నం దాకా పట్టేది. మూకుట్లో పోపు చిటపటలు కూడా పనికిరావని తెలిశాక చారు చప్పగా తాగారు. ఇన్ని జరుగుతుంటే పక్కమేడ మీద వీర్రాజు బాక్సులు ఇల్లెగిరిపోయేలా మోగుతూనే ఉన్నాయి. వాటి సంగతేమిటని సువర్చలమ్మ అడిగింది.

"అది మినహాయింపు పొందిన శబ్దమండమ్మా. దాన్ని మేం కొలవకూడదు" అన్నాడు పాండురంగం.

గదిలో కుర్చీ ఒకటే వేశారు. స్పీకర్లు రెండిటికీ సమదూరంలో నేలమీద రంగుతో ఒక గుర్తు పెట్టి, దాన్ని 'ఏకాగ్ర శ్రవణ బిందువు' అన్నారు. ఆ బిందువుమీద కూర్చున్నవాడికే సరిగ్గా వినిపిస్తుంది. సువర్చలమ్మ పక్కన ఒక పీట వేసుకోబోతే పాండురంగం వద్దన్నాడు.

"పాడింది ఆవిడేనయ్యా" అన్నారు వాచస్పతిగారు.

"పాడినంత మాత్రాన వినే హక్కు రాదండి. కావాలంటే అమ్మగారు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆవిడ గది ఆవిడకి."

ఆఖరి పరిశీలనకి మండలి సంయుక్త సంచాలకులే స్వయంగా వేంచేశారు. ఎండలు మండిపోతున్న రోజులు. ఆయన గది నాలుగు మూలలా చప్పుడు కొలిచే మీటరు ఒకటి పట్టుకుని తిరిగి, వాచస్పతిగారిని బిందువుమీద కూర్చోమని, ఆయన చుట్టూ ప్రదక్షిణం చేశారు. తల వెనక ఆగిపోయారు. మీటరు ముల్లు కదిలింది.

"దరఖాస్తుదారుని శిరోభాగము కేశరహితమై, నునుపుగా ఉండి, ధ్వనిని పరావర్తనము చేయుచున్నది. రాయండి" అన్నారు.

పాండురంగం రాశాడు. వాచస్పతిగారు అప్రయత్నంగా బట్టతల తడుముకున్నారు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"ఉన్నితో అల్లిన శిరస్త్రాణము ధరించవలెను. చెంపలు కూడా కప్పుట మంచిది."

మంకీ క్యాపు తెచ్చారు. రోహిణి కార్తెలో వాచస్పతిగారు దాన్ని మెడదాకా లాక్కుని కూర్చుంటే ముల్లు నిశ్చలంగా నిలబడింది. అధికారుల మొహాలు వికసించాయి. గుమ్మంలోంచి చూస్తున్న సువర్చలమ్మ ఉండబట్టలేకపోయింది.

"అయ్యా, చెవులు కూడా మూసుకుపోయాయి కదండీ! ఇంక వినేదెలాగ?"

సంయుక్త సంచాలకులు ఆమెవైపు ఓర్పుగా తిరిగారు. "అమ్మా, మా మండలి పరిధి గది వరకే. చెవులు వైద్య ఆరోగ్య శాఖవారివి. ఒక శాఖ పరిధిలోకి ఇంకొక శాఖ చొరబడరాదు."

గది నెగ్గింది. పత్రం అచ్చయింది. కాని జిల్లాలో అదే మొదటి పత్రం కావడంతో మండలి అధ్యక్షులవారి చేతులమీదుగా ఇవ్వాలని నిర్ణయించారు. అధ్యక్షులవారు ఒకసారి శంకుస్థాపనలో ఉన్నారు, ఒకసారి జలుబుతో ఉన్నారు, ఒకసారి ఆయన వస్తారనగా మూఢం వచ్చింది. సువర్చలమ్మ రోజూ అడిగేది, "గది అయిపోయిందిగా, ఇప్పుడైనా వినండి" అని. "పత్రం చేతికి రాలేదుగా" అనేవారాయన. ఒకనాడు ఆమె కన్నీళ్ళు పెట్టుకుని, "పోనీ నేనే పాడతాను, ఇక్కడ, ఇప్పుడే. ఆ పాట నాకు ఒక్క ముక్క మరుపు రాలేదు" అంది. ఆయన మెత్తబడ్డారు. ఆమె గొంతు సవరించుకుంది కూడా. అంతలో ఆయనకి సజీవ గాత్రానికి విధివిధానాలు రాలేదన్న సంగతి గుర్తొచ్చింది. "ఇంత కష్టపడి చివర్లో తప్పు చెయ్యడం ఎందుకు? ఈ నెల ఆగు" అన్నారు.

వానలు పడ్డాక ఒక ఉదయం వాచస్పతిగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొహం వెలిగిపోతోంది. సువర్చలమ్మ కాఫీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది.

"చూశావా? దండగ దండగ అన్నావు. మెత్తలు ఎంత బాగా పనిచేస్తున్నాయో! వీర్రాజు పాటలు ఒక్క పిసరు వినపడ్డం లేదు" అన్నారు.

ఆమె ఆయనవైపు చూసింది. తర్వాత పిట్టగోడ వైపు చూసింది. పక్కమేడ అదురుకి గ్లాసులో కాఫీ వణుకుతోంది.

"మనం వరండాలో ఉన్నామండీ" అంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆమె మళ్ళీ అంది. తర్వాత అరిచింది. వాచస్పతిగారు ఆమె నోరు కదలడం చూశారు, గ్లాసు వణకడం చూశారు, మెడ తిప్పి వీర్రాజు బాక్సులు చూశారు. నవ్వు అలాగే మొహంమీద కాసేపు ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయనకి భయం వేసింది. భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏదన్నా అను. నా పేరు పెట్టి పిలు" అన్నారు. మొగుణ్ణి పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషి, వీధిలో పోయేవాళ్ళంతా తిరిగి చూసేలా పిలిచింది. ఆయనకి ఆ పిలుపు అందలేదు.

డాక్టరు చూసి పెదవి విరిచాడు. మిషన్ పనిచేసే కాలం దాటిపోయిందన్నాడు. మర్నాడే మండలినుంచి కబురొచ్చింది, గురువారం అధ్యక్షులవారు విచ్చేస్తున్నారని.

గుమ్మానికి మామిడాకులు కట్టారు. వాటి గలగల గదిలోకి రాకుండా పాండురంగం దారంతో బిగించాడు. అధ్యక్షులవారు, సంయుక్త సంచాలకులు, ఫోటోలు తీసేవాళ్ళు గోడవారగా ఒదిగి నిలబడ్డారు. వాచస్పతిగారు మంకీ క్యాపు పెట్టుకుని బిందువుమీద కూర్చున్నారు. పాట పెట్టారు. ఆయన స్పీకర్ల వైపు చూడలేదు. గుమ్మం అవతల నిలబడ్డ సువర్చలమ్మనే చూస్తున్నారు. ఆమె పెదవులు తనకి తెలియకుండానే పాట వెంట కదులుతున్నాయి. ఎక్కడో ఒకచోట ఆమె కళ్ళు మూసుకుంది. అది పాటలో పైకి వెళ్ళే చోటు అయి ఉంటుందనుకున్నారాయన. అంతలో సంయుక్త సంచాలకులు వేలు చూపించి ఆమెని పెదవులు కదపవద్దని హెచ్చరించారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత వాచస్పతిగారికి చూడ్డానికి కూడా ఏమీ మిగల్లేదు.

పాట అయిపోయినట్టుంది. అధ్యక్షులవారు వంగి ఏదో అడిగారు. ఏం అడిగి ఉంటారో ఊహించుకుని వాచస్పతిగారు ఉన్నమాట చెప్పారు. "ఏమీ వినపడలేదండీ."

గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అధ్యక్షులవారే ముందుగా తేరుకున్నారు. "విన్నారా? ఏమీ వినపడలేదట! రణగొణల మధ్య, ఇలాంటి వీధిలో, ఏమీ వినపడని గది! మన ప్రమాణాలకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నారు, కంఠం గద్గదమై. చప్పట్లు కొట్టారు. వాచస్పతిగారు ఆ చేతులు కలవడం, విడిపోవడం చూస్తూ కూర్చున్నారు. సువర్చలమ్మ నిజం చెప్పేద్దామని ఒక అడుగు లోపలికి వేసింది గాని, ఆమెకి లోపలికి వచ్చే అనుమతి లేదని పాండురంగం చెయ్యి అడ్డం పెట్టాడు.

పత్రంతోపాటు ఒక ఉత్తర్వు కూడా ఇచ్చారు. రాష్ట్రంలోకెల్లా నిశ్శబ్దమైన గది ఇదే అయినందువల్ల దీనిని ఆదర్శ గదిగా ప్రకటించడమైనది. ఇకమీదట ఇందులో ఎలాంటి పాటలూ పెట్టరాదు. పెడితే గది శ్రేణి పడిపోతుంది. ఇతర జిల్లాలనుంచి అధికారులు వచ్చి చూసి వెళ్తారు. వాచస్పతిగారు ఉత్తర్వుని రెండుసార్లు చదివారు. తప్పేమీ కనిపించలేదు. పదాలన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతకం ఉంది, ముద్ర ఉంది. ఆయన టోపీ తీసి కుర్చీమీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పెరట్లోకి వెళ్ళిపోయారు.

రేకుల పందిరి కింద సువర్చలమ్మ పొయ్యి ముట్టించబోతోంది. ఆయన ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నారు.

"పాడు" అన్నారు.

ఆమె తల అడ్డంగా ఊపి, చెవులు చూపించింది.

"తెలుసు. పాడు. బుద్ధి లేక ఇన్నాళ్ళు ఆగాను. నువ్వు పాడుతుంటే నేను చూడాలి."

ఆమె అగ్గిపెట్టె పక్కన పెట్టింది. ఆయన కదలకుండా కూర్చున్నారు. పేపరు పట్టుకోలేదు, కూరలు ముట్టుకోలేదు. ఆమె మొదలుపెట్టింది. మెడలో నరం బిగుసుకోవడం, ఊపిరి తీసుకునేటప్పుడు భుజాలు కాస్త పైకి లేవడం, మోకాలిమీద వేళ్ళు తాళం వేయడం, అన్నీ ఆయన ఒక్కటి వదలకుండా చూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఈ మనిషి మొహంలోకి ఇంతసేపు ఎప్పుడూ చూడలేదని తెలిసి ఆయనకి సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే ఆదర్శ గది అని ఇత్తడి రేకు బిగించడానికి పాండురంగం వచ్చాడు. ముందు తలుపు ఎవరూ తీయకపోతే పెరటివైపు తిరిగి వచ్చి నిలబడిపోయాడు. సజీవ గాత్రం. సంస్కారం లేని పందిరి. ఏ పనీ చేయకుండా కూర్చున్న మనిషి. నేరం అంతా కళ్ళముందే ఉంది. సువర్చలమ్మ అతన్ని చూసి ఆపేసింది.

"అమ్మగారూ, నాకు మీ ఉప్పు తిన్న విశ్వాసం ఉందండి" అన్నాడు పాండురంగం ఇబ్బందిగా. "చూశాక రాయకపోతే నా ఉద్యోగం పోతది. కానీ పంతులుగారికి చెవులు పోయాయని నాకు తెలుసండి. వినలేదని ఆయన చేత ఒక్క ముక్క చెప్పించండి. కేసే ఉండదు. నేను వెళ్ళిపోతాను."

ఆమె భర్తవైపు తిరిగి, చెవి చూపించి, చెయ్యి తిప్పి అడిగింది. వాచస్పతిగారు పాండురంగం మొహం చూశారు. ఎదుటివాడికి మినహాయింపు ఇవ్వబోయే ఉద్యోగి మొహం ఎలా ఉంటుందో ఆయనకి చెవులతో పని లేకుండానే తెలుసు. ఒక్క తల ఊపు ఊపితే చాలు. పైగా అది నిజం కూడా.

"విన్నాను" అన్నారు వాచస్పతిగారు. తన గొంతు తనకి వినపడదు కనుక వీధి చివరిదాకా వినిపించేలా అన్నారు. "శ్రద్ధగా విన్నాను. రాసుకో."

తర్వాత పెళ్ళాంవైపు తిరిగి, కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపారు. సువర్చలమ్మ కళ్ళు తుడుచుకుని చరణం ఎత్తుకుంది. పాండురంగం గోడకి ఆనుకుని, జేబులోంచి జరిమానా పుస్తకం తీసి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు. పాట అయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ పెరట్లో ఆమె పాట చెవిన పడ్డవాడు అతనొక్కడే. కాని రసీదు రాస్తూ విన్నాడు కనుక అతనిమీద కేసు లేదు. జరిమానా వాచస్పతిగారే కట్టారు.